మూడేళ్ళ గడువు

చెట్టినాడు నుంచి రంగూనుకు బయల్దేరే ఏజెంటు చేతిలో రెండు కాగితాలుండేవి. ఒకటి యజమాని రాసిచ్చిన ముక్త్యారునామా. ఆయన తరఫున అప్పులివ్వడానికి, వసూలు చెయ్యడానికి, అవసరమైతే కోర్టుకెక్కడానికి అందులో అధికారం ఉంటుంది. రెండోది జీతం ఒడంబడిక. అందులో గడువు మూడేళ్ళు. నెలకింత అన్న మాట ఉండదు, మూడేళ్ళకూ కలిపి ఒక మొత్తం రాసుకుంటారు. ఆ మొత్తంలో కొంత ఓడ ఎక్కకముందే ఇస్తారు, అతను లేని రోజుల్లో ఇల్లు గడవడానికి. చివరి భాగం పని ముగించుకొచ్చి లెక్క అప్పజెప్పాక. లాభం బాగుంటే పైన బహుమానం. అక్కడున్నన్నాళ్ళూ తిండి, రానుపోను ఖర్చులు కొట్టువే. భార్యాపిల్లలు మాత్రం వెంట వెళ్ళరు.

వ్యాపారం, సంసారం, ప్రయాణం ఒకే మనిషి జీవితంలో ఎలా ఇమడాలన్న ప్రశ్నను ఇవాళ మనం ఆ మనిషి నేర్పుకే వదిలేశాం. సాయంత్రం ఆరు దాటితే ఫోను ఎత్తకూడదు, ఆదివారం పిల్లలకివ్వాలి, ఏడాదికోసారి ఎక్కడికైనా తీసుకెళ్ళాలి అని సలహాలిస్తాం. కుదరకపోతే లోపం అతనిదో ఆమెదో అనుకుంటాం. నాట్టుకోట్టై చెట్టియార్లు, అంటే నగరత్తార్లు, ఈ ప్రశ్నను ఒక శతాబ్దం పాటు వేరే చోట పెట్టారు. గడువులో పెట్టారు, చిట్టాలో పెట్టారు, ఇంటి కట్టుబడిలో పెట్టారు. ఒక్కో మనిషి తెలివితేటలకు అందులో పెద్దగా పని లేదు. ఆ ఏర్పాటు మంచిదా చెడ్డదా అన్నది తర్వాత చూద్దాం. సంసారానికి ఎంత చోటు దక్కుతుందన్నది చివరికి ఒప్పందంలో ఎవరి మాట చెల్లుతుందన్న దాని మీదే ఆధారపడుతుందని మాత్రం వాళ్ళ చరిత్ర చూస్తే నాకు గట్టిగా అనిపిస్తుంది.

వీళ్ళ మొదటి సరుకు ఉప్పు. పదిహేడో శతాబ్దంలో ఉప్పు కావళ్ళతో పళని వైపు వెళ్ళిన వర్తకుల సంగతి ఆ గుడికి సంబంధించిన పత్రాల్లో ఉంది. ఇప్పటికీ తైపూసానికి నగరత్తార్లు కావడులెత్తుకుని పళనికి నడిచి వెళ్తారు. ఊళ్ళేమో పుదుక్కోట్టై, శివగంగ మధ్య మెట్టనేల. కారైక్కుడి, దేవకోట్టై, కానాడుకాత్తాన్, ఆత్తంగుడి, ఇలా ఒకప్పుడు తొంభై ఆరు, ఇప్పుడు డెబ్భై అయిదు దాకా. వర్షం నమ్మి బతికే చోటు కాదు కాబట్టి కదలడం వాళ్ళకు మొదటినుంచీ అలవాటే. పంతొమ్మిదో శతాబ్దంలో సింహళానికి, పినాంగుకు, సింగపూరుకు వెళ్ళారు. 1852 యుద్ధంలో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది, 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. ఇరావతి డెల్టా బియ్యానికి ఐరోపా గిరాకీ పెరిగింది. అడవి కొట్టి మడి చెయ్యడానికి బర్మా రైతుకు పెట్టుబడి కావాలి. ఇంగ్లీషు బ్యాంకులు అతని గుమ్మం తొక్కవు. ఆ ఖాళీలోకి చెట్టియార్లు వెళ్ళారు. 1929-30లో బర్మాలో బ్యాంకింగు విచారణ సంఘం లెక్క వేస్తే 1,650 దాకా చెట్టియార్ కొట్లు తేలాయి, వాటి పెట్టుబడి సుమారు 75 కోట్ల రూపాయలు. ఇంత డబ్బును సముద్రం అవతల తిప్పుతూ యజమానులు ఎక్కువగా చెట్టినాడులోనే ఉండిపోయారంటే ఆ మూడేళ్ళ ఒడంబడికలు ఎంత పని చేశాయో ఊహించుకోవచ్చు.

వ్యాపారం ఒకటి, కుటుంబం ఒకటి, రెంటికీ మధ్య త్రాసు అనే ఆలోచన వాళ్ళకు తట్టి ఉండదు. కొట్టు పేరే చూడండి. పొడి అక్షరాల వరస, దాన్ని విలాసం అంటారు. ముత్తాత, తాత, తండ్రి పేర్ల మొదటి అక్షరాలు కలిస్తే అదే వ్యాపార సంస్థ పేరు. రంగూను వీధిలో బోర్డు చదివితే చెట్టినాడులో ఏ ఇంటివాళ్ళో తెలిసిపోయేది. సమాజాన్ని లెక్కపెట్టే కొలత ‘పుళ్ళి’, అంటే పెళ్ళయిన ఒక జంట. గుడి చందా తలకింత అని వెయ్యరు, పుళ్ళికింత అని వేస్తారు. తొమ్మిది గోత్రాలకు తొమ్మిది గుళ్ళు. ఇలయాత్తంగుడి, మాత్తూరు, పిళ్ళయార్‌పట్టి లాంటివి. పెళ్ళికి ఆ గుడి నుంచి పూలదండ రావాలి. దండ వచ్చిందంటే కొత్త పుళ్ళి గుడి లెక్కలోకి ఎక్కిందని అర్థం.

ఇంటి లోపల పుళ్ళి లెక్క మరీ పట్టింపుగా ఉండేది. చెట్టినాడు మేడల గురించి వినని తెలుగువాళ్ళు తక్కువ. బర్మా టేకు స్తంభాలు, గాజులా మెరిసే సున్నపు గోడలు, ఇటలీ పాలరాయి, ఒక వీధిలో మొదలై వెనక వీధిలో తేలే పొడవు. సినిమా షూటింగులకు బాగుంటాయని కెమెరాలు పట్టుకెళ్తాం కానీ ఆ ఇంటి అసలు తెలివి అలంకారంలో లేదు. వీధి అరుగు, ముందు హాలు మగవాళ్ళ వ్యవహారాలకు. లోపలి మండువా చుట్టూ వరసగా గదులు, పెళ్ళయిన ఒక్కో కొడుక్కి ఒక్కోటి. ఆ గది పడుకోవడానికి కాదు, పడక ఎలాగూ వరండాల్లోనే. ఆ జంట తాలూకు పాత్రలు, పట్టుబట్టలు, నగలు, పూజ సామగ్రి అందులో ఉంటాయి, తాళం వాళ్ళ చేతిలో. వెనక మండువాలో వంట. అక్కడ కూడా పొయ్యి ఎవరిది వాళ్ళదే. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ప్రచురించిన సంపుటాల్లో దీని గురించి రాశాడు. ఒకే కప్పు కింద ఉంటారు, కానీ పెళ్ళయిన ప్రతి కొడుకూ విడిగా వండుకుంటాడు, ఏడాదికింత అని బియ్యం కొలిచిస్తారు, భర్త పోయిన తల్లి కూడా తన వంట తను చేసుకోవడం కద్దు. మన ఉమ్మడి కుటుంబంలో అందరి కంచాలూ ఒకే గుండిగ నుంచి నిండుతాయి, గొడవలూ అక్కడే పుడతాయి. ఇక్కడ ఇల్లు ఉమ్మడి, కుండ విడి. భర్త మూడేళ్ళు ఊళ్ళో లేకపోయినా కోడలి బియ్యం ఎంతో ముందే తేలి ఉంటుంది. తోడికోడలి దయ మీద, మరిది మాట మీద ఆమె పూట గడవక్కర్లేదు.

ఇంకో చిట్టా కూడా ఉంది. పెళ్ళిలో వచ్చిన స్త్రీధనం పెట్టెలో మూలగదు. కొట్టులో వేస్తారు, వడ్డీ కడతారు. పెళ్ళినాడు వేసిన మొత్తం ఏటేటా వడ్డీకి వడ్డీ చేరి కూతురి పెళ్ళినాటికి మరో స్త్రీధనంగా బయటికొస్తుంది. బర్మాలో ఏజెంటు తిప్పే డబ్బులో యజమాని సొంత మొదలు ఒక వంతైతే, చుట్టాల డబ్బు, గుళ్ళ డబ్బు, ఆచ్చిల డబ్బు, అంటే ఇంటి ఆడవాళ్ళది, మరికొన్ని వంతులు. రంగూను మొగల్ వీధి గుడిలో నెలనెలా చెట్టియార్లు కూడి ఆ నెల వడ్డీ రేటు నిర్ణయించేవారు. ఆ మాట కారైక్కుడిలో వంటింటి గుమ్మం దాటని మనిషి ఆస్తిని కూడా పెంచేది, తగ్గించేది. ఆ రోజుల్లో ఇంకెక్కడైనా కోడలికి ఇలాంటి ఖాతా ఉందేమో గానీ ఇంత క్రమంగా ఉండటం అరుదు.

ఇక అటువైపు మగవాడి నిత్యజీవితం. సింగపూరులో మార్కెట్ వీధిలో కిట్టంగులు ఉండేవి. కిట్టంగి అంటే మన గిడ్డంగే, కాకపోతే ఇందులో నిల్వ ఉండేది మనుషులు, డబ్బు. పొడవాటి ఒకే హాలులో అటూ ఇటూ కొట్లు. ఒక్కో కొట్టుకు చాప పరిచేంత నేల, ముందు వాలుబల్లలా ఒక పెట్టె, వెనక ఇనప్పెట్టె లేదా బీరువా. పగలు ఆ పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని చైనా వర్తకుడికి అప్పు రాస్తాడు, రాత్రి ఆ పెట్టె జరిపి అక్కడే పడుకుంటాడు. వంట అందరికీ కలిపి, ఒక వంటవాడు. సాయంత్రం గుడి. ఏజెంటు కింద అడుత్తాళ్ అనే సహాయకుడు, అతని కింద పెట్టె దగ్గర కుర్రవాడు. భిన్నాల ఎక్కాలు కంఠస్థం చేసిన పదేళ్ళు దాటిన పిల్లాడు నీళ్ళు మొయ్యడంతో మొదలుపెట్టి, పేరేడు, అంటే ఖాతా పుస్తకం, రాయడం నేర్చుకుని, ఏదో ఒకనాటికి తనూ ఏజెంటు అవుతాడు. దక్షిణాదిలో అంత పెద్ద ఇళ్ళు కట్టించిన డబ్బును సంపాదించినవాళ్ళు ఏళ్ళ తరబడి పడుకున్నది చాపెడు నేల మీద.

గడువు తీరేనాటికి కొత్త ఏజెంటు దిగుతాడు. ఇద్దరూ కొంతకాలం కలిసి ఉంటారు. పాతవాడు బాకీదార్ల దగ్గరికి తీసుకెళ్ళి పరిచయం చేస్తాడు, కొత్తవాడు ప్రతి పద్దూ సరిచూసుకుని ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక మునిగిన బాకీకి జవాబు తనదే కాబట్టి కళ్ళు మూసుకుని సంతకం పెట్టడు. అంటే ఏజెంటు ఇంటికెళ్ళడమనేది వ్యాపారానికి అడ్డంకి కాలేదు, వ్యాపారానికి కావలసిన తనిఖీ అదే. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించే కీలు ఇది. సెలవును దయగా ఇచ్చే చోట మనిషి అడుక్కోవాలి. లెక్కకు అవసరమైతే యజమానే టిక్కెట్టు కొని పంపిస్తాడు. మద్రాసుకు మూడు నాలుగు రోజుల ప్రయాణం, ఆపైన కొంతకాలం ఊళ్ళో. పెళ్ళిళ్ళు, ఇంటి మరమ్మతులు, చెవులు కుట్టించడాలు, పళని కావడి అన్నీ ఆ వ్యవధిలోకి సర్దుకునేవి. తర్వాత మళ్ళీ మూడేళ్ళకు ఇంకో ఒడంబడిక, అదే యజమానితోనో మరొకరితోనో.

దీన్నంతా ఒక పథకంలా చెప్పడం అతి అని ఎవరైనా అనవచ్చు. సముద్రయానం ఆడవాళ్ళకు నిషిద్ధం, కులాచారం అలా ఉంది, వ్యాపారం దానికి సర్దుకుంది, అంతే కదా? ఆచారం మాట నిజమే. కానీ ఆచారాలు ఊరికే నిలవవు. ఇల్లు, బంధువులు, గుడి చెట్టినాడులో ఉండటం యజమానికి పెద్ద హామీ. వేల రూపాయలు చేతిలో పెట్టి సముద్రం అవతలికి పంపిన మనిషి మోసం చేస్తే ఏ కోర్టు పట్టుకొస్తుంది? అతని భార్య, పిల్లలు, అన్నదమ్ములు ఇక్కడే ఉన్నారు. పిల్లల పెళ్ళికి గోత్రపు గుడి దండ కావాలి, సంబంధం ఇచ్చేవాళ్ళు కావాలి. రంగూనులో తప్పిన మాటకు ఊళ్ళో పెళ్ళి తప్పిపోతుంది. భార్య ఇంట్లో ఉండిపోవడంలో ఆచారం సగం, పూచీకత్తు సగమని నా అంచనా. కాబట్టి సంసారానికి చిట్టాలో చోటు దొరికింది నిజమే, అయితే ఆ చోటు వ్యాపారానికి పనికొచ్చినందువల్లే దొరికింది.

అసలు బరువైన అభ్యంతరం ఆడవాళ్ళ తరఫునుంచి రావాలి. భర్తలేని ఇంట్లో మూడేళ్ళు, మళ్ళీ మూడేళ్ళు. పెళ్ళినాటికి ఆమెకు పన్నెండో పద్నాలుగో, కాపురం మొత్తంలో కలిసున్న కాలం కూడితే ఎంత తేలుతుంది? బియ్యం ముందే కొలిచారు, వడ్డీ ముందే కట్టారు, కానీ ఆ ఎదురుచూపుకు ఏ చిట్టాలోనూ పద్దు లేదు. ఆమె పేర డబ్బుంది, దాన్ని ఎవరికి ఏ వడ్డీకి ఇవ్వాలో చెప్పే అధికారం లేదు. ఈ సమాజంలో దత్తత చాలా మామూలు. పిల్లల్లేని జంట, భర్త పోయిన భార్య దత్తత తీసుకుని పుళ్ళి తెగిపోకుండా చూసుకునేవారు. దూరమే అందుకు కారణమని తేల్చలేం గానీ, జంట నిలవకపోయినా జంట తాలూకు ఖాతా నిలవాలన్న పట్టుదల మాత్రం అందులో కనిపిస్తుంది. పరాయి దేశంలో ఇంకో సంసారం పెట్టుకున్నవాళ్ళు లేరనీ అనలేం. అయినా ఒక మాట. ఆ కాలపు ఆడవాళ్ళను నిస్సహాయులుగా చూపించడం కూడా తప్పే. ఏడాదికి సరిపడా ధాన్యం, పప్పు, వడియాలు, ఊరగాయలు సిద్ధం చేసేది, పనివాళ్ళను నడిపేది, సంబంధాలు వెతికేది, ఎవరి పెళ్ళికి ఎవరు ఏం పెట్టారో జాబితా రాయించి దాచేది ఆచ్చిలే. ఊరి పెత్తనం సగం వాళ్ళదే. ఏర్పాటు వాళ్ళకు పని ఇచ్చింది, భద్రత ఇచ్చింది. అడిగే హక్కు ఇవ్వలేదు.

ఈ లెక్క ఎంత విలువైనదో పక్క ఓడ చూస్తే తెలుస్తుంది. అదే కాలంలో కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుంచి తెలుగు కూలీలు రంగూనుకు వెళ్ళేవాళ్ళు. రంగూనును మన తీరంలో రంగం అనేవారు. కోరంగి రేవు పేరుతో బర్మావాళ్ళు మనవాళ్ళను కోరంగీలన్నారు. 1931 జనాభా లెక్కల్లో రంగూను నాలుగు లక్షల జనంలో సగానికి పైగా భారతీయులే. ఓడరేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది చాలావరకు తెలుగువాళ్ళు. వీళ్ళూ భార్యాపిల్లలను ఊళ్ళో వదిలే వెళ్ళారు. వీళ్ళూ చాలామంది రెండు మూడేళ్ళుండి తిరిగొచ్చేవాళ్ళే. బయల్దేరేముందు వీళ్ళ చేతికీ కొంత డబ్బు వచ్చేది. పైకి చూస్తే అదే ఏర్పాటు. కానీ ఆ ముందస్తు ఇచ్చింది మేస్త్రీ, అంటే కూలీలను కుదిర్చి తీసుకెళ్ళేవాడు. ఓడ ఛార్జీ, దారి ఖర్చు, ఇంట్లో ఇచ్చి వచ్చిన నాలుగు రూపాయలు అన్నీ అప్పు కింద రాసుకుంటాడు. అక్కడ కూలి డబ్బు కూడా మేస్త్రీ చేతిమీదుగానే వస్తుంది, కోతలన్నీ పోగా. చెట్టియార్ ఏజెంటు ముందుగా తీసుకున్నది అతను సంపాదించబోయే జీతం, శ్రీకాకుళం కూలీ ముందుగా తీసుకున్నది అతను తీర్చవలసిన బాకీ. ఒకతను తిరిగి రావడానికి గడువు తీరితే చాలు. ఇంకొకతనికి అప్పు తీరాలి. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మావాళ్ళను పనిలోకి దింపాయి, రాజీ కుదిరాక వాళ్ళను తీసేశాయి, దాంతో అల్లర్లు రేగి వందమందికి పైగా చనిపోయారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే.

మూటలు మోసేవాడిని, లక్షలు తిప్పేవాడిని పక్కపక్కన పెట్టడం న్యాయమా అని అడగవచ్చు. ఏజెంటు కులం యజమాని కులం, చదువు ఉంది, నమ్మకం ఉంది. నిజమే. కానీ చెట్టియార్లలో ఏజెంట్లుగా వెళ్ళినవాళ్ళలో సొంత మొదలు లేని బీదవాళ్ళు చాలామంది. వాళ్ళకు ఆ గడువు దక్కింది డబ్బుండి కాదు. ఒకే గుడికి చందా కట్టే పుళ్ళి కావడం వల్ల, యజమాని మాట తప్పితే ఊళ్ళో నిలదీసే పెద్దలుండటం వల్ల దక్కింది. తెలుగు కూలీకి, మేస్త్రీకి కూడా కులమో ఊరో ఒకటే అయిన సందర్భాలున్నాయి. అయితే మేస్త్రీని నిలదీసే చోటు లేదు, అతని పైన ఓడల్లో సరుకు ఎక్కించి దించే స్టీవెడోర్ కంపెనీ, దాని పైన ఓడ కంపెనీ. కరీంనగర్, కోనసీమ నుంచి గల్ఫుకు రెండేళ్ళ వీసా మీద వెళ్తున్నవాళ్ళ ఒప్పందాలు చదివినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. వీసా ఏజెంటుకు కట్టిన డబ్బు ఎవరి పద్దులో పడింది?

చెట్టియార్ల ఏర్పాటుకూ ఒక బలహీనత ఉంది. అది నగదు కోసం పుట్టింది. ఇచ్చిన అప్పు మూడేళ్ళలో తిరగాలి, బాకీల చిట్టా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారాలి. 1930 తర్వాత బియ్యం ధర పడిపోయింది. రైతు అప్పు కట్టలేకపోయాడు, తాకట్టు పెట్టిన పొలం చెట్టియారుకు దఖలుపడింది. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి ఆరు శాతం, 1938 నాటికి ఇరవై అయిదు. పొలం పోగొట్టుకున్న రైతుకు ఎదురుగా కనిపించే మనిషి చెట్టియారే కాబట్టి కోపం అతని మీదికే మళ్ళింది. ఆ కోపంలో న్యాయం ఉంది కూడా. చెట్టినాడు కోడలికి కొలిచిచ్చిన బియ్యం వెనక డెల్టాలో ఒక రైతు అప్పు ఉందన్న సంగతి పుళ్ళి లెక్కలో ఎక్కడా రాయరు. యజమానికి మాత్రం ఇంకో ఇబ్బంది వచ్చింది. వద్దన్నా వచ్చిన భూమి మూడేళ్ళకు ఇంటికి రాదు. కౌలుదార్లు, శిస్తు, దావాలు అక్కడే ఉంటాయి. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. నాలుగైదు లక్షలమంది భారతీయులు ఓడల్లోనూ అరకాను, మణిపూరు కొండదారుల్లోనూ తిరిగొచ్చారు, దారిలో వేలమంది పోయారు. ఆ దారిలో ఏజెంటూ కూలీ ఒక్కటే. 1948లో స్వతంత్ర బర్మా భూముల జాతీయీకరణ చట్టం చేశాక డెల్టా పొలాల కథ ముగిసింది.

కొందరు ముందే వేరే దారి పట్టారు. మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీశాక 1907లో మొదలైన ఇండియన్ బ్యాంకులోనూ, 1937లో చిదంబరం చెట్టియార్ పెట్టిన ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకులోనూ చెట్టియార్ల పెట్టుబడి ఉంది. బ్యాంకు ఉద్యోగికి మూడేళ్ళకు బదిలీ వస్తే పెళ్ళాంపిల్లలను వెంటబెట్టుకుని వెళ్తాడు. అది ఆచ్చిలు గెలిచిన హక్కేమీ కాదు, పూచీకత్తుగా ఇంటిని అడిగే అవసరం బ్యాంకుకు లేదు. చెట్టినాడు ఇళ్ళు ఆ తర్వాత ఖాళీ అయ్యాయి. చాలా మేడలు కూలగొట్టించి అమ్మేశారు. కారైక్కుడి పాతసామాను కొట్లలో ఆ టేకు స్తంభాలు, ఎనామిల్ గిన్నెలు ఇప్పటికీ దొరుకుతాయి. డబ్బు లేక మాత్రమే పాడుపడ్డాయనుకుంటే పొరపాటు. తరాలు గడిచేసరికి ఒక్కో ఇంటికి పదుల కొద్దీ పుళ్ళిలు వాటాదార్లయ్యారు. ఎవరి గది తాళం వాళ్ళ దగ్గరుంది, చెన్నైలోనో సింగపూరులోనో. కారే పైకప్పు ఎవరు వేయించాలన్నది ఏ పద్దులోనూ తేలదు. పెళ్ళి వస్తే అందరూ చందా వేసుకుని ఇల్లు దులిపించి, నాలుగు రోజులుండి వెళ్తారు.